ఆటకు పెద్ద ఎవరు?

చంపాపేట్‌లో మా ఆదివాసీ కుటుంబాలు చాలా తక్కువ. భద్రాచలం, దుమ్ముగూడెం, ఏటూరునాగారం వైపు నుంచి ఉద్యోగాలకో, చదువులకో, ఆసుపత్రి పనులకో వచ్చి, ఎల్బీనగర్‌లో బస్సు దిగి, అందుబాటులో దొరికిన అద్దె గదుల్లో ఆగిపోయినవాళ్ళం. మాలో టీచర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, డిగ్రీ చదివే పిల్లలు ఉన్నారు, కార్లు నడిపే తమ్ముళ్ళు ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి డాబా మీద కూర్చుంటాం. మొదట్లో ఊరి కబుర్లు, పోడు పట్టాల కబుర్లు నడిచేవి. రాను రాను ఏ మాట మొదలుపెట్టినా పిల్లల దగ్గరికే వచ్చి ఆగేది.

మా పిల్లలకు కోయ మాట అర్థమవుతుంది, నోటికి రాదు. అమ్మమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి కోయలో అడిగితే తెలుగులో జవాబు చెబుతారు. 2011 జనాభా లెక్కల్లో తమ మాతృభాష కోయ అని చెప్పినవాళ్ళు 4,07,000 మందికి పైగా ఉన్నారు. అయితే అది పెద్దవాళ్ళు చెప్పిన లెక్క. మా డాబా మీద ఆడుకునే పదకొండు మంది పిల్లల్లో కోయలో ఒక చిన్న కథ చెప్పగలిగినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ కిందటేడు ఊరి నుంచి వచ్చినవాళ్ళు.

టీచర్లుగా మాకు ఒక అనుభవం ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకు వాళ్ళ మాతృభాషలోనే చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, లంబాడీ, మొత్తం ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. మాలో కొందరం ఆ పుస్తకాలతో పాఠం చెప్పినవాళ్ళమే. మొదటిసారి తమ ఇంటి మాట పుస్తకంలో చూసి పిల్లలు నవ్విన నవ్వు మాకు ఇంకా గుర్తుంది. ఆ తరువాత మేము చూసిన బళ్ళలో జరిగింది ఒకటే. ఆ పని మీద మనసున్న టీచరు ఉన్నంతకాలం పుస్తకం పిల్లల చేతిలో ఉంది. ఆ టీచరు బదిలీ అయిన రోజున పుస్తకం బీరువాలోకి వెళ్ళింది. పుస్తకం బాగుంటే చాలదు, దాన్ని పట్టుకుని నిలిచే మనిషి కావాలి, ఆ మనిషి వెళితే అందుకునే ఇంకొక మనిషి కావాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ మనిషిని వెతకడం గురించే.

పిల్లల చేతిలో ఇప్పుడు ఉన్నది ఫోను. ఫోనులో ఉన్నది ఆట. అందుకని ఆటలోకే కోయ మాటను తీసుకుపోదామని అనుకున్నాం. జీకాంప్రీ అని చిన్నపిల్లల ఆటల మూట ఒకటి ఉంది. రెండేళ్ళ పిల్లల నుంచి పదేళ్ళ పిల్లల దాకా ఆడుకోవచ్చు. అక్షరాలు, అంకెలు, బొమ్మల పేర్లు, జ్ఞాపకం పెట్టుకునే ఆటలు, వందకు పైగా ఉంటాయి. ఫ్రెంచి భాషలో 'నాకు అర్థమైంది' అనే మాట నుంచి ఆ పేరు పుట్టింది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అంటే దాని లోపలి రాత అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా తీసుకుని తమ భాష కలుపుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒక యంత్రం కోసం తయారైన ఆటను ఇంకొక యంత్రం మీద నడిచేలా మార్చడాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్ళు పోర్టింగ్ అంటారు. మన మాటలో చెప్పాలంటే అది నాటు వేయడం. నారుమడిలో పెరిగిన నారు పొలంలోనూ అలాగే బతుకుతుందని లేదు. మట్టి వేరు, నీళ్ళు వేరు. పీకడం ఒక పని, నాటడం ఒక పని, అది వేరు పట్టుకునేదాకా నీళ్ళు చూసుకోవడం ఇంకొక పని. మొదటి రెండు పనులకు జనం ఉత్సాహంగా వస్తారు. మూడో పనికి ఒక్కరు మిగులుతారు, లేదా ఎవరూ మిగలరు. యంత్రం నుంచి యంత్రానికి మార్చినా, భాష నుంచి భాషకు మార్చినా ఇదే తీరు.

మా పనిలో మూడు భాగాలున్నాయి. ఆటలో తెర మీద కనిపించే మాటలన్నీ కోయలో రాయాలి. బొమ్మలకు కోయ పేర్లు పెట్టాలి. ఆ పేర్లను మనిషి గొంతుతో పలికి రికార్డు చేయాలి. కంప్యూటరు లోకంలో ప్రతి భాషకూ ఒక గుర్తు ఉంటుంది. కోయకు మూడు ఇంగ్లీషు అక్షరాల గుర్తు ఉంది: కె, ఎఫ్, ఎఫ్. ఆ మూడక్షరాలు చూసి మా తమ్ముళ్ళు సంబరపడ్డారు. లోకం లెక్కలో మన భాషకూ ఒక అర ఉంది, అందులో సామాను పెట్టడమే మిగిలింది అన్నారు.

సామాను పెట్టడం అనుకున్నంత తేలిక కాలేదు. చంపాపేట్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్ళు. పెళ్ళిళ్ళ రోజుల్లో బ్యాండు, డీజే, టపాసులు. కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి రికార్డు చేసినా పిల్ల గొంతు వెనక బ్యాండు వినిపించేది. చివరికి పంచాంగం చూసి, ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో రికార్డింగు పెట్టుకున్నాం. పంచాంగం చూసి పనిచేసిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మాదొక్కటేనేమో అని నవ్వుకున్నాం.

అసలు చిక్కు మాటల దగ్గర వచ్చింది. మాకు సాయం చేయడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తమ్ముడు వచ్చాడు. ఆదివాసీ కాదు. మంచి మనసున్నవాడు, ఆదివారాలు మాకోసం వదులుకున్నాడు. మేము ఇచ్చిన మాటల పట్టిక తీసుకుని బొమ్మలు జతచేశాడు. 'ఏరు' అనే మాటకు కొండల మధ్య పారే వాగు బొమ్మ పెట్టాడు. తెలుగులో ఏరంటే వాగే కదా. కోయలో ఏరు అంటే నీళ్ళు, గ్లాసులోని నీళ్ళు కూడా ఏరే. 'లోను' అనే మాట చూసి ఇది 'లోన' అయ్యుంటుంది, అక్షరం తప్పు పడిందని, పెట్టె లోపల బంతి ఉన్న బొమ్మ పెట్టాడు. కోయలో లోను అంటే ఇల్లు. తప్పు అతనిది కాదు. తెలుగు లిపిలో రాసిన కోయ మాటను తెలుగు కళ్ళతో చదివాడు. ఆ రోజు అందరం నవ్వాం. కానీ మాలో పెద్దావిడ ఒకామె నవ్వలేదు. "మనం చూశాం కాబట్టి సరిచేశాం. చూడకుండా ఊళ్ళకు పోతే, మన పిల్లలే ఏరంటే వాగనుకుంటారు" అన్నది.

కొన్ని నెలలకు ఆ తమ్ముడికి విదేశంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు ఫైళ్ళన్నీ ఇచ్చాడు, పాస్‌వర్డులు రాసి ఇచ్చాడు, దూరం నుంచి సాయం చేస్తానన్నాడు, చేస్తున్నాడు కూడా. అయినా అతను వెళ్ళిన తరువాత మూడు ఆదివారాలు పని కదలలేదు. అప్పుడే ఆ ప్రశ్న డాబా మీదికి వచ్చింది. ఈ పనికి పెద్ద ఎవరు?

ఎవరి మనసులో మాట వాళ్ళు చెప్పారు. ప్రోగ్రామింగు తెలిసిన మరొకరిని వెతుకుదాం, అది తెలియకుండా పెద్దగా ఉండి ఏం చేస్తారు అని చదువుకునే పిల్లలు అన్నారు. రిటైరైన హెడ్మాస్టరు గారిని పెడదాం, ఆయన మాటకు నాలుగు మండలాల్లో విలువ ఉంది అని టీచర్లం అన్నాం. ఆయన చేతులు అడ్డం పెట్టి, "నాకు ఫోన్‌లో మెసేజ్ చదవడానికే మనవడు కావాలయ్యా, నా పేరు పెట్టుకుని పని మీరు చేస్తారా?" అన్నారు. సంఘంలో తిరిగే దాదా ఒకరి పేరు వచ్చింది. ఆయనకు ధర్నాలు, వినతిపత్రాలు, కోర్టు తేదీలు. ఇంకొకరి భుజం మీద ఇంకొక మూట పెట్టడం న్యాయం కాదనిపించింది.

ఇలాంటి పనులు లోకంలో ఎలా నిలిచాయో ఒక ఆదివారం కూర్చుని తెలుసుకున్నాం. మేము పట్టుకున్న జీకాంప్రీ కథే చూడండి. బ్రూనో కూదువా అనే ఫ్రెంచి ప్రోగ్రామరు దాన్ని 2000లో మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ళ తరువాత టాబ్లెట్లు, ఫోన్లు వచ్చేసరికి పాత పద్ధతిలో కట్టిన ఆట వాటి మీద నడవలేదు. 2014లో మొత్తం కొత్తగా రాయడం మొదలుపెట్టారు. అంత పెద్ద నాటు వేసిన తరువాత బ్రూనో పక్కకు తప్పుకున్నాడు. బాధ్యత తీసుకున్నది ఇద్దరు: తిమోతే జియే, జానీ జాజె. వాళ్ళలో తిమోతే చిత్రకారుడు. ఆటకు కొత్త బొమ్మలు వేయడానికి వచ్చినవాడు. బొమ్మలు వేసేవాడు, రాత రాసేవాడు కలిసి బాధ్యత మోస్తే ఆట ఆగలేదు, 2020లో ఇరవై ఏళ్ళ పండుగ కూడా చేసుకుంది. ప్రోగ్రామింగే పెద్దరికం అన్న మా పిల్లల వాదన అక్కడ కొంచెం మెత్తబడింది.

దీనికి ఎదురుగా ఇంకొక కథ ఉంది. పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషను తయారుచేసిన గీడో వాన్ రోసమ్ చాలా ఏళ్ళు దానికి ఒకే ఒక్క పెద్ద. చివరి మాట ఆయనదే. ఒక మార్పు మీద జరిగిన గొడవలతో విసిగి 2018 జులైలో పెద్దరికం వదిలేశాడు. తన తరువాత ఎవరో చెప్పలేదు. ఎలా నడుపుకుంటారో మీరే చూసుకోండి అన్నాడు. అంత పెద్ద సమూహం నెలల తరబడి కూర్చుని మాట్లాడుకుని, 2019 మొదట్లో ఐదుగురిని ఎన్నుకుంది. వాళ్ళకు లోకమంతా జనం ఉన్నారు కాబట్టి తట్టుకున్నారు. మాలాంటి ఇరవైమంది ఉన్న పనిలో ఒక్క పెద్ద అలిగితే పని అక్కడితో సరి.

మన తెలుగులోనూ ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున గారి చొరవతో మొదలైంది. మొదలుపెట్టింది ఒకరు, తరువాత మోసింది ఎందరో. జీతం లేదు, కుర్చీ లేదు. రోజూ వచ్చి, కొత్తవాళ్ళ రాత చూసి, తప్పు దిద్ది, పలకరించినవాళ్ళ వల్ల అది నిలిచింది.

ఈ కథలన్నీ విన్న తరువాత సంఘం దాదా ఒక మాట అన్నారు. "దూరం ఎందుకు పోతారు? మేడారం ఎవరు నడుపుతారు చెప్పండి." నిజమే అనిపించింది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరలో సారలమ్మను కన్నెపల్లి నుంచి తెస్తారు. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు. గోవిందరాజు కొండాయి నుంచి వస్తాడు. మరునాడు సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తెస్తారు. ఏ ఊరి బాధ్యత ఆ ఊరిదే, ఏ వడ్డె పని ఆ వడ్డెదే. కన్నెపల్లి వాళ్ళ పని పూనుగొండ్ల వాళ్ళు చేయరు, చేయనివ్వరు. అందరూ అనుకున్న రోజుకు అనుకున్న గద్దెకు చేరతారు. ఆదిలాబాద్ వైపు గోండు సోదరుల రాయి సెంటర్లలో కూడా సార్మేడి ముందు అందరి మాటా వింటాడు, తరువాతే తన మాట చెబుతాడు. పెద్ద అంటే అన్నీ తానే చేసేవాడని మన ఊళ్ళు మనకు ఎప్పుడూ నేర్పలేదు.

అక్కడి నుంచి మా ఆలోచన మారింది. దుమ్ముగూడెం వైపు ఒక మాట అంటే ఏటూరునాగారం వైపు ఇంకొకటి అంటారు, చింతూరు వైపు మరొకటి. ఇంతవరకు ఏది 'సరైన కోయ' అనే గొడవతో ఆదివారాలు గడిచిపోయేవి. ఇక మీదట ఏ వైపు మాట బాధ్యత ఆ వైపు వాళ్ళదే. ఆటలో మూడు గొంతులూ ఉంటాయి. పిల్ల తన ఊరి గొంతు ఎంచుకుంటుంది. మాతో పాటు వచ్చే ఒక గోండు తమ్ముడు లిపి సంగతి అడిగాడు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, రేపు గోండి ఆట చేస్తే ఏ లిపిలో రాస్తారు అని. ఆ నిర్ణయం గోండు ఊళ్ళవాళ్ళది, చంపాపేట్ డాబాది కాదు అని చెప్పాం. అతను సంతోషపడ్డాడు.

ఇన్ని చేతుల పనిని ఒక గద్దెకు చేర్చే మనిషి మాత్రం కావాలి. అప్పుడు మా కళ్ళ ముందే ఉన్న మనిషి కనిపించింది. నర్సింగ్ చదివే చెల్లెలు ఒకామె. మొదటి ఆదివారం నుంచి రెండు వందల పేజీల నోటుబుక్కు పట్టుకుని వచ్చేది. ఏ మాట ఎవరు చెప్పారు, వాళ్ళది ఏ ఊరు, ఏ తేదీన రికార్డు చేశాం, వెనక బ్యాండు వినబడుతోందా, మళ్ళీ చేయాలా, అన్నీ రాసేది. ఇంజనీరు తమ్ముడు వెళ్ళిన తరువాత ఆ మూడు ఆదివారాలు కూడా ఆమె తన గదిలో కూర్చుని, రాని మాటల కోసం ఊళ్ళకు ఫోన్లు చేస్తూనే ఉంది. ఇంజనీరు తమ్ముడికి దూరం నుంచి ఏ సందేహం వచ్చినా ఫోన్ చేసేది ఆమెకే. మేము పెద్దను వెతుకుతున్నాం గానీ, పని ఎప్పుడో ఆమె దగ్గరికి చేరింది.

ఆడపిల్ల, చిన్నది, ఊళ్ళల్లో మగవాళ్ళు మాట వింటారా అని ఒకరు సందేహపడ్డారు. పెద్దావిడ ఊరుకోలేదు. "సమ్మక్కకు, సారలమ్మకు బంగారం ఎత్తుకుపోతారు. ఒక ఆడపిల్ల మాటల పట్టిక అడిగితే ఇవ్వరా?" అన్నది. ఆ సందేహం అక్కడితో పోయిందని చెప్పలేం. బయటికి అనడం మాత్రం మానేశారు.

చెల్లెలు వెంటనే ఒప్పుకోలేదు. "పెద్ద అనే పేరు నాకొద్దు సార్. పని చేస్తాను. కానీ నాకు పరీక్షలున్నాయి, తరువాత డ్యూటీలు పడతాయి, రేపు పెళ్ళయి ఎక్కడికి పోతానో తెలియదు. నేను లేనప్పుడు ఎవరు చూస్తారో ముందు చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా" అన్నది. ఇన్ని వారాలుగా మేము ఎవరిని పెడదామా అని వెతికాం. వెళ్ళిపోవడం గురించి మొదటే మాట్లాడింది ఆమె ఒక్కతే. బదిలీల మధ్య బతికే మా టీచర్లకు ఆ ప్రశ్న లోపల తగిలింది. బీరువాలోకి వెళ్ళిన ఆ వాచకాల విషయంలో ఎవరూ అడగని ప్రశ్న అది.

ఆమె పెట్టిన షరతుల మీదే మా పద్ధతి ఏర్పడింది. బాధ్యత ఒకరిది కాదు, ఇద్దరిది. ఆమెతో పాటు డిగ్రీ చదివే తమ్ముడు మొదటి రోజు నుంచే ప్రతి పనీ చూస్తాడు. ఏడాదికోసారి ఇద్దరిలో ఒకరు దిగి, కొత్తవారు ఎక్కుతారు. నోటుబుక్కులోని ప్రతి పేజీ ఫోటో తీసి అందరూ చూసే చోట పెడతాం. పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంటుంది, అందులో ఒకరు ఊళ్ళో ఉండేవాళ్ళు. ప్రోగ్రామింగు తెలిసినవాళ్ళు ఎవరు వచ్చినా స్వాగతం. అయితే ఏ మాటకు ఏ బొమ్మ అనేది ఆ మాట మాట్లాడే ఊరు చూసి ఒప్పుకున్న తరువాతే ఆటలోకి వెళుతుంది. విదేశంలో ఉన్న తమ్ముడికి ఈ సంగతి చెబితే, అందరికంటే ముందు ఆయనే సరే అన్నాడు.

దీనితో అన్నీ కుదిరిపోయాయని రాయడం లేదు. చింతూరు వైపు గొంతు ఇంకా రికార్డు కాలేదు. సగం బొమ్మలకు పేర్లు రాలేదు. కొన్నింటికి వస్తాయో రావో. రైలుకు, ఏనుగుకు కోయ మాట వేరే ఉందా, తెలుగు మాటే వాడుకుందామా అని చర్చ నడుస్తూనే ఉంది. ప్రోగ్రామింగు నేర్చుకుంటున్న మా పిల్లలు ఇంకా తప్పులు చేస్తూ దిద్దుకుంటూ ఉన్నారు. కానీ మొన్న చెల్లెలు పరీక్షలకని ఐదు వారాలు రాలేదు. ఐదు వారాలూ పని నడిచింది. తమ్ముడు నోటుబుక్కు తెచ్చాడు, తేదీలు రాశాడు, ఊళ్ళకు ఫోన్లు చేశాడు. మా లెక్కలో మాకు పెద్ద దొరికింది ఆ ఐదు వారాల్లోనే.

ఈ పుస్తకం చదివే టీచర్లకు, విద్యార్థులకు ఒక మాట. మీ భాషలో ఇలాంటి పని మొదలుపెట్టాలనుకుంటే కంప్యూటరు తెలిసినవాళ్ళ కోసం ఆగకండి. వాళ్ళు దొరుకుతారు. ముందు మీ మధ్య నోటుబుక్కు రాస్తున్నది ఎవరో చూడండి. మీటింగులో వెనక వరుసలో కూర్చుని ఉండొచ్చు. వాళ్ళను పిలిచి పని చేతిలో పెట్టండి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టండి. అలాగే మీ ఊళ్ళో పిల్లలు ఇసుకలో, చెట్టు కింద ఆడే ఆటల పేర్లు రాసి పెట్టండి. జీకాంప్రీలో కోయ మాట వేరు పట్టుకున్న తరువాత మేము నాటు వేయదలచుకున్నది వాటినే.